ఉత్తరము చదివిపెట్టువాని ధర్మము



మన పెద్దలు కూలి నిమిత్తము, ఉద్యోగము నిమిత్తము స్వంత ఊళ్లు విడిచి వచ్చిన దినములలో ప్రతి పేటలోను ఉత్తరములు చదివిపెట్టువాడొకడు ఉండెడివాడు. కోలారు బంగారు గనుల లైన్లలో గాని, షోలాపూరు మగ్గముల పేటలలో గాని, బరంపురము వీధులలో గాని, మద్రాసు రైల్వే క్వార్టర్సులలో గాని, అక్షరము రాని తల్లి ఇన్‌లాండు కవరు చేత పట్టుకొని అతని గుమ్మము దగ్గరకు వచ్చెడిది. అతడు చదివెడివాడు. ఊరిలో పొలము తాకట్టు పడిన సంగతి, అత్తవారింట ఆడపిల్ల పడుచున్న బాధ, అన్నదమ్ముల తగవు, తీరని అప్పు, రావలసిన మనియార్డరు, అన్నియు అతనికి తెలిసెడివి. జవాబు కూడ అతడే వ్రాసిపెట్టెడివాడు. ఆ పేటలో అతనికి తెలియని ఇంటి గుట్టు లేదు. అయినను ఎవనిని మంచివాడనిరి? చదువునప్పుడు తప్ప మరెప్పుడును ఆ మాట ఎత్తనివానిని. అతనికి గౌరవము వచ్చినది చదువు వలన మాత్రమే కాదు, నోరు కట్టుకొనుట వలన.

ఆ ఉత్తరములు నేడు దాదాపు లేవు. తంతి సేవ కూడ 2013 జూలైలో ఆగిపోయినది. కాని చదివిపెట్టువాడు పోలేదు. మామ్మగారి ఫోనుకు వచ్చిన బ్యాంకు మెసేజి చదివి చెప్పు మనుమడు, సంఘపు జాబితాను కంప్యూటరులో ఎక్కించు కార్యదర్శి, ప్రార్థన మనవులను గ్రూపులో పెట్టు సహోదరి, వీరందరు ఆ పాత చదువరి స్థానములోనే యున్నారు. ఒక విధముగా చెప్పవలెనంటే, ఫోను పట్టుకొనిన ప్రతివాడును నేడు ఇతరుల ఉత్తరములు దగ్గర పెట్టుకొని తిరుగుచున్నాడు. కాబట్టి ఈ సంచికలో ఒక ప్రశ్నను మీ యెదుట ఉంచుచున్నాము. ఇంకొకరి వివరము మన చేతికి వచ్చినప్పుడు, అది మనదగునా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరికినది కాదు. మా తప్పు వలన దొరికినది. దానిని దాచక చెప్పుట న్యాయమని తలంచి చెప్పుచున్నాము.

మన సంఘములలో ఒకదానిలో డెబ్బది యేండ్లు దాటిన ఒక విధవరాలు కలదు. ఆమె కుమారుడు గల్ఫు దేశములో పని చేయుచున్నాడు. ఆమె మోకాలి ఆపరేషను కొరకు ఆసుపత్రిలో చేరబోవుచుండగా, మేము ప్రేమతోనే ఆమె పేరు, వీధి, ఆపరేషను జరుగు దినము, ఆసుపత్రి పేరు, కుమారుడు ఎక్కడ ఉన్నది, అన్నియు వ్రాసి, ఆదరించి మాటలాడువారి కొరకు ఆమె ఫోను నంబరు కూడ చేర్చి, ప్రార్థన మనవిగా గ్రూపులో పెట్టితిమి. అది ఆ గ్రూపు నుండి మరియొక గ్రూపునకు, అక్కడ నుండి ఇంకొక ఊరి గ్రూపునకు పోయినది. పంపినవారందరు మంచి మనస్సుతోనే పంపిరి.

మూడవ దినమున ఆమెకు ఫోను వచ్చినది. "వందనాలమ్మా! మీ అబ్బాయి, నేనూ ఒకే రూములో ఉంటామండీ. ఆపరేషనుకు డబ్బు కట్టమని నాకు చెప్పాడు. ఆసుపత్రి వాళ్ల ఫారం మీ ఫోనుకు పంపించాను. దాన్ని నొక్కండమ్మా, తక్కినది నేను చూసుకుంటాను" అని చక్కని తెలుగులో చెప్పినాడు. చుట్టూ అంతా పర భాష వినుచున్న ఆమెకు ఆ తెలుగే సగము నమ్మకమును కలిగించినది. వందనాలు అన్న మాట తక్కిన సగమును కలిగించినది. ఆమె నొక్కినది. అది ఫారము కాదు, ఏపీకే అను ఒక ప్రోగ్రాము. అది ఫోనులో చేరినంతట, ఆమెకు వచ్చు బ్యాంకు మెసేజీలన్నియు అవతలివాడు చదువసాగెను. సాయంత్రమునకు రెండు విడతలుగా 84,000 రూపాయలు పోయినవి.

ఇందులో దోషి ఎవరు? మొదటి దోషి దొంగయే. ఈ మాటలో మాకు సందేహము లేదు. ఇటువంటి సంగతి జరిగినప్పుడెల్ల "ఆమె ఎందుకు నొక్కవలెను?" అని మొదట అడుగుట మన అలవాటు. తలుపు తీసి దాహము ఇచ్చిన ముసలమ్మను దొంగ దోచుకొనినయెడల, తలుపు తీసినందుకు ఆమెను నిందింతుమా? మోసపోవుట తప్పు కాదు, మోసము చేయుట తప్పు. అయితే ఆమె ఎవరి వలన నమ్మినది? తన కుమారుని గూర్చి, తన మోకాలిని గూర్చి, తన సంఘమును గూర్చి తెలిసినవాడు తనవాడే యని నమ్మినది. ఆ తెలివి వానికి ఎక్కడ నుండి వచ్చినది? మేము వ్రాసిన ఆ నాలుగు పంక్తుల నుండి వచ్చినదని తలంచుటకే కారణములన్నియు కనబడుచున్నవి. తాళము విరిచినవాడు వాడు. తాళపుచెవి వీధిలో పెట్టినవారము మేము.

"మేము కీడు తలంచలేదు గదా" అని మాలో కొందరు అనిరి. నిజమే. కాని ఉద్దేశము మంచిదైనంత మాత్రమున ఆ వస్తువును ఇచ్చు హక్కు మనకు కలుగదు. పొరుగువాని గొడుగును అతనిని అడుగకుండ బీదవానికి ఇచ్చినయెడల, దానము చేసినవాడు మనము కాము, పోగొట్టుకొనినవాడు పొరుగువాడు. గొడుగు విషయములో నయము ఒకటి కలదు. పోయిన సంగతి అతనికి ఆ దినముననే తెలియును, మరల అడిగి తెచ్చుకొనవచ్చును. వివరము అట్టిది కాదు. ఇచ్చినను అది యజమాని దగ్గర ఉన్నట్లే యుండును. తన వివరము నూరుమంది చేతిలోనికి పోయినదని అతడు ఎరుగడు. ఒకసారి పోయినదానిని తిరిగి తెచ్చు మార్గము దాదాపు లేదు. ఫోను నంబరు మార్చుకొనవచ్చును గాని, పుట్టిన తేదీ మార్చుకొనలేము, వ్రేలిముద్ర మార్చుకొనలేము. కాబట్టి గొడుగు విషయములో కంటె ఈ విషయములో ఎక్కువ జాగ్రత్త యుండవలెను.

మరియొక సంగతి. ఎవడైనను తన వివరమును ఊరకనే ఇయ్యడు, ఒక పని నిమిత్తము ఇచ్చును. ఆమె తన ఆపరేషను సంగతి మాతో చెప్పినది మేము ప్రార్థింపవలెననియు, అన్నము తెచ్చిపెట్టు మనిషిని చూడవలెననియు. ముక్కు మొగము తెలియని నూరుమందికి తన వీధి పేరు తెలియవలెనని కాదు. ఏ పని నిమిత్తము ఇచ్చిరో ఆ పనికే వాడుట నమ్మకము, దానిని దాటించుట నమ్మకమును మీరుట. ఉత్తరము చదివిపెట్టువాడు ఎరిగిన ధర్మమంతయు ఇదే.

ఈ ధర్మమును మన దేశపు న్యాయము కూడ ఇటీవల గట్టిగా పలికినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి గారు ఎనుబది యేండ్లు దాటిన వయస్సులో, 2012లో, ఆధార్ విషయమై సుప్రీం కోర్టును ఆశ్రయించిరి. ఆ వ్యాజ్యములోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, మనిషి గోప్యత రాజ్యాంగములోని 21వ అధికరణము కాపాడు జీవితము, స్వేచ్ఛలలో భాగమని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ తరువాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. చట్టములోని భాగములు ఒక్కొక్క దశలో అమలులోనికి వచ్చునట్లు ఏర్పరచిరి.

ఆ చట్టములోని ఒక మాట మమ్మును ఆకర్షించినది. ఇతరుల వివరములను దగ్గర ఉంచుకొని వాడు సంస్థను అది డేటా ఫిడ్యూషియరీ అని పిలుచుచున్నది. ఫిడ్యూషియరీ అనగా ఇతరుల సొత్తును వారి మేలు కొరకు నమ్మకముగా చూచువాడు, అనగా ధర్మకర్త. యజమాని అనలేదు. ఏ పనికి తీసికొనుచున్నామో చెప్పి సమ్మతి పొందవలెననియు, చట్టము మరేదైనను కోరితే తప్ప ఆ పని తీరిన పిమ్మట తుడిచివేయవలెననియు, పదునెనిమిది యేండ్లు నిండని పిల్లల విషయములో తలిదండ్రుల సమ్మతి కావలెననియు అది చెప్పుచున్నది. ఒక మనిషి తన ఇంటి పనులకు, స్వంత పనులకు వాడుకొను వివరములకు ఈ చట్టము వర్తింపదు. కాని మనస్సాక్షికి ఆ మినహాయింపు లేదు.

ఇక్కడ మూడు అభ్యంతరములు వచ్చును. మూడింటిని మేము మాలో మేమే వాదించుకొంటిమి.

మొదటిది, "నేను తప్పు చేయలేదు, నాకు దాచుకొనవలసినదేమియు లేదు" అనునది. దాచుకొనుట తప్పు చేసినవాని పని మాత్రమే కాదు. స్నానపు గదికి తలుపు పెట్టుకొనుట తప్పు చేయుటకు కాదు గదా. పైగా ఫోనులో ఉన్నది మన వివరము ఒక్కటే కాదు. మన నంబర్ల పుస్తకములో మూడువందలమంది ఉందురు. మన ఫోటోలలో పొరుగు పిల్లలుందురు. ఒక ఆటకో, ఒక బొమ్మకో "నంబర్లన్నియు చూచుటకు అనుమతి ఇమ్ము" అని అడుగగానే మనము నొక్కినయెడల, నాకు దాచుకొనవలసినది లేదని ఆ మూడువందలమంది తరపున మనము పలికినట్లే. వారు మనకు ఆ అధికారము ఇయ్యలేదు.

రెండవది మరింత బలమైనది. "ఒకరి సంగతులు ఒకరికి తెలియకపోతే సహవాసమెక్కడిది? పర ప్రాంతమునకు వచ్చి మనము బ్రతికినది ఒకరి కబురు ఒకరికి చేరుట వలననే గదా?" ఇది నిజము. జ్వరముతో పడియున్నవాని సంగతి ప్రక్క ఇంటివారు చెప్పకపోతే మన పెద్దలలో అనేకులు బ్రతికియుండరు. కాబట్టి మూతులు కుట్టుకొనవలెనని మేము చెప్పుట లేదు. అడుగవలెనని చెప్పుచున్నాము. "అమ్మా, ఈ సంగతి గ్రూపులో పెట్టమంటారా? ఎంతవరకు చెప్పమంటారు?" అను ఒక్క ప్రశ్న వలన సహవాసము తగ్గదు. "ఒక సహోదరి ఆరోగ్యము కొరకు ప్రార్థించండి" అని వ్రాసినను ప్రార్థన ప్రార్థనయే. వీధి పేరు, ఫోను నంబరు లేనంత మాత్రమున అది కొరతపడదు. దగ్గరివారికి మాత్రము ఇంటికి వెళ్లి నోటితో చెప్పవచ్చును. తెలిసికొనుట వేరు, చాటించుట వేరు.

మూడవది, "ప్రతివానిని అనుమానించుచు బ్రతికినయెడల ప్రేమ చల్లారదా?" అనునది. మేము దీనిని తేలికగా తీసివేయలేము. అనుమానము అలవాటైన ఇల్లు చీకటి ఇల్లు. కాని సరిచూచుకొనుట అనుమానించుట కాదు. సంఘపు కానుకలు ఇద్దరు కలిసి లెక్కించి ఇద్దరు సంతకము చేయుదురు. అందువలన కోశాధికారిని దొంగ అన్నట్లు కాదు, అతనిని నిందకు దూరముగా ఉంచినట్లు. అట్లే, "నీ కుమారుని మిత్రుడను" అని ఫోను వచ్చినప్పుడు "మంచిది నాయనా" అని పెట్టివేసి, మనకు తెలిసిన నంబరునకు మనమే కుమారునికి ఫోను చేయుట ప్రేమకు విరోధము కాదు. నిజమైన మిత్రుడు అందుకు కోపింపడు. తొందర పెట్టువాడు, ఎవరికిని చెప్పవద్దనువాడు, వాడే కోపించును.

ఇక మన జాబితాల సంగతి. పేర్లు వ్రాసికొనుట మన సంఘములకు క్రొత్త కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము నేటికిని చెప్పుకొనుచున్నాము. ఏ కాగితములోను తమ పేరు గౌరవముగా వ్రాయబడని అనేకులకు సంఘపు పుస్తకములో పేరు ఉండుట గొప్ప సంగతి. జాబితా మంచిదే. అయితే మంచి జాబితా ఎవరి చేతికి పోవునో వ్రాసినవానికి తెలియదు. నెదర్లాండ్స్ దేశములో యుద్ధమునకు ముందే ప్రజల వివరములు ఎంతో చక్కగా వ్రాసి ఉంచిరి. పేరు, చిరునామాతో పాటు మతము కూడ వ్రాసిరి. వ్రాసిన ఉద్యోగులు ఎవరికిని కీడు తలంచలేదు. 1940 మే నెలలో నాజీ సైన్యము ఆ దేశమును ఆక్రమించుకొనినప్పుడు, ఆ వివరములే యూదులను ఇంటింట వెదకి పట్టుకొనుటకు తోడ్పడినవి. ఆ దేశపు యూదులలో నూటికి డెబ్బదిమందికి పైగా చంపబడిరి. 1943 మార్చి 27న విల్లెం అరోండియస్ అను చిత్రకారుడును అతని తోటివారును ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రిజిష్టరు కార్యాలయమును తగులబెట్టిరి. కార్డులలో కొంత భాగమే కాలినది. ఆ సంవత్సరము జూలైలోనే అతనిని కాల్చి చంపిరి. ఒక జాబితాను కాల్చుటకు మనుష్యులు ప్రాణములిచ్చిన సంగతి విన్నప్పుడు, అక్కరలేని గడిని ఫారములో పెట్టకుండుట ఎంత సులభమైన పనియో తెలియుచున్నది.

కాబట్టి మేము కొన్ని పనులు చేసితిమి. ప్రతి సంవత్సరము అచ్చువేయు సభ్యుల చిరునామాల పుస్తకములో ఇకమీదట సమ్మతి ఇచ్చినవారి వివరములే ఉండును. ఆధార్ జిరాక్సులు సంఘపు బీరువాలో ఎందుకున్నవని అడిగితే ఎవరికిని తెలియలేదు. వాటిని ఇచ్చినవారికే తిరిగి ఇచ్చుచున్నాము. ఎక్కడనైన ఆధార్ ప్రతి ఇయ్యవలసి వచ్చినప్పుడు, అంగీకరించుచోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని ఇయ్యవచ్చునని సభ్యులకు తెలియజేయుచున్నాము. ఆదివారపు బడి పిల్లల ఫోటోలు, పేరు, బడి పేరుతో సహా పెట్టుట మానితిమి.

ఇండ్లలో చదివిపెట్టు యౌవనస్థులకు ఒక మనవి. మామ్మగారి పిన్ను మీకు తెలిసియుండవచ్చును. అది మీ నోట మరియొకరి చెవిని పడరాదు. ఆమె చూచుచుండగా ఆమె పని చేసిపెట్టుడి, చేసినది ఆమెకు అర్థమగునట్లు చెప్పుడి. డబ్బు వచ్చుటకు యూపీఐ పిన్ను అక్కరలేదనియు, పంపుటకే అది కావలెననియు చెప్పుడి. ఓటీపీ ఏ బ్యాంకువాడును ఫోనులో అడుగడని చెప్పుడి. మెసేజిలో వచ్చిన ఫైలును ఫోనులో ఎక్కించుకొనరాదని చెప్పుడి. వీడియో కాలులో పోలీసు దుస్తులతో కనబడి "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి" అనువాడు దొంగయే యనియు, మన చట్టములో అట్టి అరెస్టు లేదనియు చెప్పుడి. వీటిని తెలుగులో, నిదానముగా, విసుగుకొనక చెప్పుడి. బ్యాంకు హెచ్చరికలు ఇంగ్లీషులోనో, ఉన్న రాష్ట్రపు భాషలోనో వచ్చుచుండగా, దొంగ ఒక్కడే తెలుగులో మాటలాడినయెడల మన పెద్దలు ఎవనిని నమ్ముదురు?

చివరి సంగతి, మాకు అన్నింటికంటె బరువైనది. ఆ తల్లి డబ్బు పోయిన సంగతి పందొమ్మిది దినములు ఎవరికిని చెప్పలేదు. కుమారుడు తిట్టునని, సంఘములో నవ్వుదురని. మోసము జరిగిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేసినయెడల, లేదా ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు వ్రాసినయెడల, డబ్బు చేతులు మారకముందే దానిని బ్యాంకులలో నిలుపు అవకాశము కలదు. గంటలు గడచినకొలది ఆ అవకాశము తరిగిపోవును. పందొమ్మిది దినముల తరువాత ఫిర్యాదు వ్రాసితిమి. ఈ మాటలు వ్రాయునాటికి ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఆమె మౌనమునకు కారణము ఆమె భయము మాత్రమే కాదు. అంతకు ముందు మోసపోయిన మరియొకరిని గూర్చి మనము మాటలాడుకొనిన మాటలు ఆమె వినియున్నది. మన పరిహాసము దొంగకు పందొమ్మిది దినములు గడువు ఇచ్చినది.

మేము ఆమె ఇంటికి వెళ్లి జరిగినది చెప్పి క్షమాపణ అడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయ్యా, మీరు మంచికే చేశారు. కానీ నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అని చెప్పినది. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆమెను అడిగితిమి. "పేరు, ఊరు లేకుండా రాయండి. ఇంకొకరికి ఇలా కాకూడదు" అని అనుమతి ఇచ్చినది. ఊరు పేరు ఎందుకు చెప్పలేదని మీలో ఎవరైనను అడుగబోవుచున్నయెడల, కారణము అదే.

ప్రతి సంఘమువారును రాబోవు కార్యవర్గ కూటములో తమ బీరువాను, తమ గ్రూపును ఒకసారి చూచుకొనవలసినదిగా కోరుచున్నాము. ఏ వివరము ఎందుకు మన దగ్గర ఉన్నది, ఎవరిని అడిగి ఉంచితిమి అను రెండు ప్రశ్నలు చాలును. జవాబు దొరకని కాగితములను యజమానులకు తిరిగి ఇచ్చివేయుడి.